బ్లాస్ట్ మేడం

మహబూబాబాద్‌లో, అంటే అక్కడివాళ్ల మానుకోటలో, బానోత్ విజయ ఇల్లెక్కడ అని అడిగితే ఇద్దరు ముగ్గురు తల గోక్కుంటారు. బ్లాస్ట్ మేడం ఇల్లెక్కడ అంటే మాత్రం ఆటోవాళ్లు ఇంకో మాట అడగకుండా ఎక్కించుకుంటారు. ఆ పేరు ఆమెకు సకల జనుల సమ్మె నాడు పడింది. పెట్టింది ఒక కానిస్టేబుల్.

అంతకు ముందు విజయ ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో బాటనీ చెప్పే లెక్చరర్. నలభైకి దగ్గర పడిన మనిషి. గొంతు పెద్దది. ఆమె ఆకుల గురించి చెబుతుంటే పక్క గదిలో కెమిస్ట్రీ క్లాసు పిల్లలకు కూడా ఆకుల గురించి తెలిసిపోయేది. పుట్టింది దంతాలపల్లి దగ్గరి తండాలో. భర్త పేరు తిరుపతి, భూపాలపల్లి బొగ్గుబాయిలో పని చేస్తూ అక్కడే క్వార్టర్లో ఉండేవాడు. విజయ మానుకోటలో అద్దె ఇల్లు తీసుకుని తల్లి సుక్కిని తన దగ్గరే ఉంచుకుంది.

2011 ఎండాకాలంలో కాలేజీ యజమాని హన్మంతరావు ఆమెను పిలిపించాడు. ప్రిన్సిపల్ కుర్చీ కూడా ఆయనదే. పెద్ద వ్యవసాయ కుటుంబం. మిర్చి, పత్తి, కొంచెం రాజకీయం, వాటితో పాటు ఈ కాలేజీ. ఏ పంటకు గిరాకీ ఉంటే ఆ పంట వేసినట్టే, ఏ కోర్సుకు గిరాకీ ఉంటే ఆ కోర్సు పెట్టేవాడు. ఆ ఏడు హైదరాబాద్‌లో ఏదో కాలేజీ గోడ మీద బయోఇన్ఫర్మాటిక్స్ అన్న మాట చూసి వచ్చాడు. వచ్చీ రాగానే దాన్ని కరపత్రం మీద అచ్చేయించి డోర్నకల్ దాకా పంచాడు. పిల్లలు చేరారు. అప్పుడు గుర్తొచ్చింది ఆయనకు, దాన్ని చెప్పే మనిషి కావాలని.

"బయో అంటె మీదే కద మేడం," అన్నాడు.

మిగతా సగం సంగతేంటని విజయ అడిగింది.

"గది కంప్యూటర్ల ఉంటది," అన్నాడు హన్మంతరావు.

విజయనే ఎందుకు ఎన్నుకున్నాడంటే, ఆ సంక్రాంతి సెలవులకు ముందు ఆఫీసు ప్రింటర్లో ఇరుక్కున్న కాగితాన్ని హెయిర్‌పిన్‌తో లాగింది ఆమే. అప్పటినుంచి కాలేజీలో కంప్యూటర్ అంటే విజయ మేడం అని ఒక అభిప్రాయం స్థిరపడింది. నిజానికి ఆమెకు మౌస్ పట్టుకోవడం కూడా సరిగా రాదు. తెర మీద బాణం పైకి పోవాలంటే మౌస్‌ను బల్ల మీంచి గాల్లోకి ఎత్తేది. కాలేజీ ల్యాబులో పనిచేసే కంప్యూటర్లు నాలుగున్నాయి, నెట్టు ఒక్కదానికీ లేదు.

పుస్తకం తెప్పించుకుని చదివింది. మొదటి పేజీ బాగానే ఉంది. రెండో పేజీ నుంచి అర్థం కాలేదు. ఇక లాభం లేదని ఒక ఆదివారం రైలెక్కి జనగామ పోయింది. అక్కడ గీత ఉంది. కాకతీయ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ కలిసి చదువుకున్నారు. గీత ఇప్పుడు జనగామ నుంచి రోజూ రైల్లో హైదరాబాద్ పోయి ఒక పరిశోధన ల్యాబులో పని చేస్తోంది.

గీత అన్నం పెట్టి, తన ల్యాప్‌టాప్ తెరిచి, మెల్లగా చెప్పింది. ప్రాణమున్న ప్రతిదాని లోపల ఒక రాత ఉంటుంది. డీఎన్‌ఏ అయితే నాలుగే అక్షరాలు, ప్రోటీన్ అయితే ఇరవై. అక్షరాలు వరుసగా ఉంటాయి కాబట్టి దాన్ని సీక్వెన్స్ అంటారు. ప్రపంచంలో ఎవరు ఏ జీవి రాత చదివినా తెచ్చి ఒకచోట పోస్తారు, అది డేటాబేస్. ఎవరైనా ఉచితంగా చూసుకోవచ్చు. నీ దగ్గర ఒక ముక్క ఉంటే దాన్ని ఆ కుప్పలో వెతికి, ఎవరెవరి రాతకు దగ్గరగా ఉందో చూపించే సాధనం పేరు బ్లాస్ట్.

"అంటే మనిషి దొరికితె చుట్టాలను ఎతుకుడు," అంది విజయ.

"గంతే," అంది గీత. "కాకపోతె ప్రతి వాడు చుట్టమే అంటడు. నిజం చుట్టమెవరో, ఉత్త మాటల చుట్టమెవరో తెలుసుకునుడే అసలు చదువు."

ఈ రెండో మాట విజయ సరిగా వినలేదు. మానుకోట బండి టైమైందని లేచింది.

మానుకోటలో ఆమెకు దిక్కు భిక్షపతి నెట్ సెంటర్. ఒకప్పటి ఎస్టీడీ బూత్‌నే నాలుగు అరలు చేసి కంప్యూటర్లు పెట్టాడు భిక్షపతి. హాల్ టికెట్లు, రిజల్టులు తప్ప కంప్యూటర్లో ఇంకేమైనా ఉంటాయని ఆయనకు నమ్మకం లేదు. విజయ మొదటి రోజు బ్లాస్ట్ పేజీ తెరిచి, మామిడి గురించి తెలుసుకుందామని పెట్టెలో ఇంగ్లిషులో మామిడి పండు పేరు కొట్టింది. కంప్యూటర్ ఎర్ర అక్షరాల్లో ఏదో కోప్పడింది. అక్కడ పేరు కాదు, లోపలి రాత ఇవ్వాలని గీత ఫోన్లో చెప్పింది. రెండో రోజు పుస్తకంలో ఉదాహరణకిచ్చిన రాత కొట్టింది కానీ పై వరుసలో మనిషి ఇన్సులిన్ అని శీర్షిక కూడా రాసింది. శీర్షికకు ముందు బాణం మొన లాంటి గుర్తు ఒకటి పెట్టాలి, అది పెట్టలేదు. దాంతో యంత్రం ఆ శీర్షికను కూడా రాతలో కలిపేసుకుని వెతకబోయి మళ్లీ కోప్పడింది.

మూడో రోజు భిక్షపతే జాలిపడి పుస్తకం పట్టుకున్నాడు. ఆయన ఒక్కో అక్షరం పైకి చదువుతుంటే విజయ ఒక్కో మీట వెతికి నొక్కింది. ఎఫ్, వీ, ఎన్, క్యూ అంటూ ఆయన గట్టిగా చదువుతుంటే, రిజల్టు చూసుకోవడానికి వచ్చిన ఇంటర్ పిల్లలు అవి ఎవరికో వచ్చిన గ్రేడ్లనుకుని బెంగపడ్డారు. మీట నొక్కాక చాలాసేపు తెర తెల్లగా ఉండిపోయింది. తర్వాత వరుసలు దిగాయి. మనిషి, చింపాంజీ, ఆ కిందెక్కడో పంది. పందికీ మనిషికీ ఆ ముక్కలో ఒక్క అక్షరమే తేడా. విజయ ఆ వరుసను రెండుసార్లు చదివింది. భిక్షపతి కూడా పుస్తకం పక్కన పెట్టి వంగి చూశాడు. తర్వాత, ఈ ఆటకు గంట లెక్కనా, అక్షరాల లెక్కనా అని అడిగాడు.

ఇంటికి పోయి తల్లికి చెప్పింది. లంబాడీలో అమ్మను యాడీ అంటారు. యాడీ, ఈ ఇన్సులిన్‌లో మనకూ పందికీ ఒక్క అక్షరమే తేడా అని ఎంతో సంబరంగా చెప్పింది. సుక్కి అనుములు ఒలుస్తూ ఆలోచించి, ఆ ఒక్క అక్షరం ఎవరికి ఎక్కువుంది అని అడిగింది. ఎవరికీ ఎక్కువ లేదు, ఒకటి మారిందంతే అంది విజయ. మరి ఎవరిదేదో ఎట్ల పోల్చుకున్నరు అంది సుక్కి. ఆ తర్వాత తండాకు పోయినప్పుడు, నా బిడ్డ పందుల పరీక్ష రాస్తున్నదని అందరికీ చెప్పి వచ్చింది.

వానాకాలమంతా విజయ ఇట్లా రాత్రి చదివినదాన్ని పొద్దున పిల్లలకు చెబుతూ నెట్టుకొచ్చింది. సెప్టెంబర్లో ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. ఆఫీసులు, బడులు, బస్సులు, అన్నీ ఆగాయి. కాలేజీకి తాళం పడింది. భూపాలపల్లిలో తిరుపతి వాళ్లు బాయి దిగడం మానేశారు. బొగ్గు లేక కరెంటు కోతలు పెరిగాయి. విజయ తెలంగాణ రావాలని మనస్ఫూర్తిగా కోరుకునే మనిషి, అయినా సరిగ్గా ఫలితం తెర మీద దిగే సమయానికి కరెంటు పోతుంటే మొగుడి మీద కోపం వచ్చేది.

ఒక రోజు టీ కొట్టు దగ్గర నిలబడి తిరుపతికి ఫోన్ చేసింది. ఆమె గొంతు సంగతి తెలిసిందే.

"మీరు అక్కడ బొగ్గు ఆపిన్రు, నాకిక్కడ నిన్న రెండు బ్లాస్టులే అయినయి," అంది. "కరెంటుంటె ఇయ్యాల ఇంకో నాలుగు చేస్తుంటి."

బాయిలో పనిచేసే తిరుపతికి బ్లాస్ట్ అంటే ఒకటే అర్థం. దానికి పరీక్ష పాసై సర్టిఫికెట్ తెచ్చుకోవాలని, ఆడోళ్లకు ఆ పని ఇప్పించరని, అసలు మందుగుండు నీకెవరిచ్చారని కంగారుగా అడిగాడు. విజయ విసుక్కుని ఫోన్ పెట్టేసింది. పక్కనే టీ తాగుతున్న పోశాలు గ్లాసు దించాడు. పోశాలు మఫ్టీలో ఉన్న కానిస్టేబుల్. చౌరస్తాలో ఉద్యమ శిబిరం మీద కన్నేసి ఉండమని ఆయనను అక్కడ వేశారు.

పోశాలు ఆమె వెనకాలే నెట్ సెంటర్ దాకా నడిచి వచ్చి, జర మాట్లాడాలె మేడం అన్నాడు. విజయ ఆయనను తన క్లాసులో ఎవరో పిల్ల తండ్రి అనుకుంది. కూర్చోబెట్టి, నాలుగు అక్షరాల నుంచి మొదలుపెట్టి పంది దాకా మొత్తం చెప్పింది. మధ్యలో రెండుసార్లు ఆయన లేవబోతే, అసలు సంగతి ఇప్పుడే వస్తుందని కూర్చోబెట్టింది. చివరికి పోశాలు బయటపడి, ప్రమాదమేమీ లేదు కానీ అర్థమయ్యే అవకాశం కూడా లేదని పైవాళ్లకు చెప్పాడట. మరునాడు టీ కొట్టు దగ్గర ఎదురైనప్పుడు, బ్లాస్ట్ మేడం బాగున్నరా అని పలకరించాడు. టీ కొట్టతను అందుకున్నాడు. వారంలో ఊరు అందుకుంది.

శిబిరం చౌరస్తాలో, నెట్ సెంటర్‌కు ఎదురుగానే ఉండేది. రోజుకొక బృందం నిరాహార దీక్షలో కూర్చునేది. దాని బాధ్యుడు మల్లేశం, హైస్కూల్లో తెలుగు పండితుడు. ఆయన చేతిలోంచి మైకు తీసుకోవాలంటే కరెంటు పోవాలి. లెక్చరర్ల వంతు వచ్చిన రోజు విజయ తన క్లాసు పిల్లలతో సహా టెంటులో కూర్చుంది. పొద్దెక్కేసరికి ఆకలి మొదలైంది. మల్లేశం ఉపన్యాసం సాగుతూనే ఉంది. పిల్లలు మెల్లగా, మేడం, ఇక్కడనే క్లాసు చెప్పరాదు, ఆకలి మర్చిపోతం అన్నారు.

విజయ ఒక పాత ఫ్లెక్సీని తిరగేసి, ప్రోటీన్ రాసే ఇరవై అక్షరాలను ఇంగ్లిషులో పెద్దగా రాసింది. ఇంగ్లిషు అక్షరాలు ఇరవై ఆరైతే ఇందులో ఇరవైకే పని, బీ, జే, ఓ, యూ, ఎక్స్, జెడ్ లేవని చెప్పింది. ముందు వరుసలో కూర్చున్న అలేఖ్య తెలివైన పిల్ల, అనుమానాల పుట్ట. తన పేరులో ఉన్న అక్షరాలన్నీ ఫ్లెక్సీ మీద ఉన్నాయని ఆమె కనిపెట్టింది. అంటే అలేఖ్య ఒక ప్రోటీన్ ముక్క కావచ్చు. ఇంకేముంది, అందరూ వాళ్ల వాళ్ల పేర్లు తీశారు. విజయ పేరులో జే ఉంది, కాబట్టి ఆమె ప్రోటీన్ కాదు. మానుకోటలో యూ, ఓ రెండూ ఉన్నాయి. జనగామ పనికిరాలేదు, భూపాలపల్లీ పనికిరాలేదు. వరంగల్ మాత్రం అక్షరం పొల్లుపోకుండా సరిపోయింది. ఏదొచ్చినా వరంగల్‌కే పోతది అని వెనక నుంచి ఎవరో గొణిగారు.

అప్పుడు అలేఖ్య తెలంగాణ అని రాసి చూసింది. తొమ్మిది అక్షరాలు. తొమ్మిదీ ఉన్నాయి.

టెంటులో గాలి మారిపోయింది. సంగతి చెవిన పడగానే మల్లేశం ఉపన్యాసం మధ్యలో ఆపేశాడు, అది ఆ శిబిరంలో ఎన్నడూ జరగని పని. తెలంగాణ అనే మాట ఏ జీవిలోనైనా ఉందేమో వెతకమన్నాడు. విజయ వద్దంది. అంత చిన్న ముక్క వెతకకూడదని గీత ఏదో చెప్పినట్టు గుర్తుంది కానీ, ఎందుకో గుర్తులేదు. ఈలోగా జనం నెట్ సెంటర్ ముందు నిండిపోయారు. బంద్ కాబట్టి భిక్షపతి షట్టర్ సగం దించి పెట్టుకున్నాడు. ఒక్కొక్కరే వంగి లోపలికి దూరారు. కరెంటు లేదు. అందరూ నిలబడి కరెంటు కోసం చూశారు. పోశాలు కూడా వచ్చి నిలబడ్డాడు, డ్యూటీ కోసమో ఇష్టం కోసమో చెప్పలేం.

కరెంటు వచ్చింది. విజయ తొమ్మిది మీటలు నొక్కింది. ఏదో మట్టిలో బతికే సూక్ష్మజీవి ప్రోటీన్లో తొమ్మిదింట ఎనిమిది అక్షరాలు వరుసగా కలిశాయి. పక్కన ఈ-వ్యాల్యూ అని ఒక అంకె ఉంది. అది చాలా పెద్దగా ఉంది. విజయ దాని దగ్గర వేలు పెట్టి ఆగింది, కానీ మల్లేశం ఆగలేదు. అప్పటికే షట్టర్ కింద నుంచి దూరి బయటికి పోయి మైకందుకున్నాడు.

తెలంగాణ ఈ మట్టిలోనే ఉందని, సైన్సే ఒప్పుకున్నదని, ఆ తొమ్మిదో అక్షరం కూడా రాష్ట్రం వచ్చిన రోజు కలుస్తుందని చెప్పాడు. చప్పట్లు మోగాయి. ఆ ఊపులో జై తెలంగాణ అని కూడా వెతకమని లోపలికి కబురు పంపాడు. జే లేదని విజయ తిరుగు కబురు పంపింది. జై అనడానికే వీలు లేని యంత్రమేందో మల్లేశానికి మింగుడు పడలేదు.

లోపల అలేఖ్య ఇంకా తెర వైపే చూస్తోంది.

"మేడం, ఆంధ్ర అని కొట్టి చూస్తె?" అని అడిగింది.

అందరూ ఆమె వైపు తిరిగారు. ఆ పిల్లకు అందులో తప్పేమీ కనిపించలేదు. ఒకటి వెతికినప్పుడు రెండోది కూడా వెతికితేనే కదా తేడా తెలిసేది. విజయకు కూడా అది న్యాయంగానే అనిపించింది. ఆరు అక్షరాలు, ఆరూ ఇరవైలో ఉన్నవే. నొక్కింది.

తెర నిండిపోయింది. పూర్తిగా, ఆరుకు ఆరు. చేపలో, బూజులో, ఏదో గడ్డిలో, పేరు పలకడానికి రాని పురుగులో. కిందికి జరిపిన కొద్దీ వస్తూనే ఉన్నాయి, వంద దాకా. భిక్షపతి అటు ఇటు చూసి షట్టర్ ఇంకొంచెం దించాడు. అయినా సంగతి బయటికి పోయింది. మల్లేశం మైకు పట్టుకునే లోపలికి వచ్చాడు. చేసిందేదో మీరే చేసిన్రు, మీరే చెప్పుండ్రి అని, తన జీవితంలో మొదటిసారి, మైకు ఇంకొకరి చేతిలో పెట్టాడు.

విజయ టెంటులోకి నడుస్తూ గీతను తలుచుకుంది. ప్రతి వాడు చుట్టమే అంటడు. ఆ రోజు సగమే విన్న మాట ఇప్పుడు మొత్తం వినిపించింది. మైకు పట్టుకుని నిలబడింది కానీ దాని అవసరం ఆమెకు లేదు.

"మేడారం జాతరకు పోనోళ్లు ఇక్కడ ఎవరన్న ఉన్నరా?" అని అడిగింది.

ఎవరూ లేరు.

"ఇంటింటికి ఆ అమ్మోరి పేరే కద, జాతరల నిలబడి సారక్కా అని పిలిస్తె ఎంతమంది తిరిగి చూస్తరు?"

వంద అన్నారొకరు. వెయ్యి అన్నారు ఇంకొకరు. తన ఇంట్లోనే ముగ్గురున్నారని పోశాలు అన్నాడు.

"వాళ్లంత మీ చుట్టాలేనా? కాదు. పేరు చిన్నది, జాతర పెద్దది, అందుకని తిరిగిన్రు. గదే, కొత్తగూడ మండలం ఫలానా తండ, బాల్‌సింగ్ చిన్నబిడ్డ సారక్కా అని పిలిస్తె ఒక్కతే తిరుగుతది. ఆమె నిజంగ మీ మనిషి. ఆరు అక్షరాలంటె ఒట్టి సారక్క. తొమ్మిది అక్షరాలంటె ఇంటిపేరుతోటి సారక్క. ఎక్కువ అక్షరాలకు తక్కువమంది తిరుగుతరు. చుట్టరికం లేకుంట ఉత్తగనే ఎంతమంది తిరుగుతరో ముందే లెక్కగట్టి చెప్పేదే ఈ-వ్యాల్యూ. గది సున్న దిక్కు పోతె చుట్టం. పెద్దగుంటె జాతర."

వెనక నుంచి ఒక పెద్దాయన లేచి, అంటే గా తొమ్మిది అక్షరాలది గూడ జాతరేనా అని అడిగాడు.

"గది గూడ జాతరే బాపూ," అంది విజయ. "లేంది ఉన్నదని చెప్పలేను."

మల్లేశం ఆమె చేతిలోంచి మైకు మెల్లగా తీసుకున్నాడు. తెలంగాణ కంప్యూటర్ల దొరకదని, ఢిల్లీలో కొట్లాడితేనే దొరుకుతుందని, ఈ సంగతి తాను ముందునుంచీ చెబుతూనే ఉన్నానని అన్నాడు. దానికి కూడా చప్పట్లు మోగాయి. విజయ కూర్చుని నీళ్లు తాగింది. ఈ-వ్యాల్యూ అంటే ఏమిటో ఆమెకు కూడా అర్థమైంది ఆ క్షణంలోనే, ఆ మైకు ముందే. అంతకు ముందు క్లాసులో చెప్పిందంతా పుస్తకంలోంచి బట్టీ పట్టి చెప్పింది.

మరునాడు జిల్లా పేపర్లో చిన్న వార్త వచ్చింది. ప్రోటీన్లో తెలంగాణ, మానుకోట శాస్త్రవేత్త పరిశీలన అని. పక్కన ఫొటో హన్మంతరావుది. ఆయన ఆ రోజు ఊళ్లోనే లేడు.

సమ్మె ముగిసి కాలేజీ తెరిచారు. కోర్సు రెండేళ్లు నడిచింది. తర్వాత హన్మంతరావు ఫైర్ సేఫ్టీ కోర్సుకు మారాడు. విజయ మళ్లీ బాటనీకి వచ్చింది కానీ వెతుకులాట మానలేకపోయింది. ఆదివారం పూట నెట్ సెంటర్‌కు పోయి, ఆ వారం పాఠంలో చెప్పిన చెట్ల పేర్లన్నీ డేటాబేస్‌లో వెతికేది. వరికి ఎన్ని రాతలున్నాయో చూడబోతే లెక్కకు అందలేదు. ఇప్పచెట్టుకు మాత్రం చూస్తే వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని కనిపించాయి. సుక్కి పుట్టిల్లు కొత్తగూడ అడవిలో. ఇప్పపువ్వు ఏరిన డబ్బుతోనే విజయకు పలకా బలపం కొన్నది. ఈ కుప్పల గూడ మనకు అన్యాయమేనా అని విజయ గీతకు ఫోన్ చేసి తగువు పెట్టుకుంది.

తగువు పడలేక గీత, ఆకులు పంపితే ఒక చిన్న ముక్క చదివిస్తానంది. విజయ, సుక్కి కలిసి కొత్తగూడ పోయారు. లేతాకులు కోయాలి, తడి లేకుండా ఎండబెట్టాలి, ఏ చెట్టు నుంచి తెచ్చారో రాసి పెట్టుకోవాలి. ఆకులెందుకని సుక్కికి అర్థం కాలేదు. పువ్వైతే పనికొస్తది, ఆకును మేకలు కూడా మనసుపడి తినవని దారి పొడవునా చెబుతూనే కోసింది. ఎండబెట్టిన మొదటి కట్టను మేకలు మనసుపడే తిన్నాయి. రెండోసారి కోశారు.

గీత మాట నిలబెట్టుకుంది. 2014 మొదట్లో ఆ చిన్న ముక్క డేటాబేస్‌లో చేరింది. విజయకు మాత్రం పరీక్షలు, ఎన్నికల హడావుడిలో చూసే తీరిక దొరకలేదు. జూన్లో రాష్ట్రం వచ్చింది. మానుకోటలో ఆ రోజు మల్లేశం మైకు దించనే లేదు. సంబరాలన్నీ అయ్యాక ఒక ఆదివారం విజయ నెట్ సెంటర్‌లో కూర్చుని తమ ఇప్పచెట్టును తెరిచింది. సేకరించిన చోటు అన్న వరుసలో, భారతదేశం, ఆంధ్రప్రదేశ్, కొత్తగూడ అని ఉంది.

ఆమె భిక్షపతిని పిలిచి చూపించింది. ఆయన తెర దగ్గరికి వంగి చూసి, గిదెట్ల మేడం, అయిపాయె కద అన్నాడు.

చేర్చినవాళ్లే మార్పించాలని గీత చెప్పింది. తీరిక దొరికినప్పుడు మార్పిస్తానంది. ఆ తీరిక దొరికేట్టు విజయే చేసింది. రోజూ పొద్దున జనగామలో గీత ఎక్కే రైలు కదిలే వేళకు ఫోన్ చేసేది. నమస్తే కూడా లేకుండా, మారిందా అనేది. రైల్లో గీత పక్కన కూర్చునే ఆడవాళ్లకు కూడా ఆ ఫోన్ అలవాటైంది, మోగగానే మీ రాష్ట్రం వచ్చింది అనేవాళ్లు. చివరికి వాళ్ల బలవంతం మీదే గీత రైల్లోనే ఫోన్ నుంచి మెయిల్ రాసి పంపింది. అటు నుంచి మర్యాదగా జవాబొచ్చింది. కొన్ని వారాలకు ఆ వరుసలో భారతదేశం, తెలంగాణ, కొత్తగూడ అని కనిపించింది.

భిక్షపతి దాన్ని రంగుల్లో ప్రింటు తీసి ఇచ్చాడు. విజయ దాన్ని ఇంటికి తీసుకుపోయి తల్లి చేతిలో పెట్టి, ఏముందో చదివి వినిపించింది. మన చెట్టు, మన ఊరు, మన రాష్ట్రం, ఇప్పుడు లోకంలో ఎవరైనా చూడొచ్చు అని చెప్పింది. సుక్కి కాగితాన్ని తిప్పి తిప్పి చూసింది. ఎవరైనానా అని అడిగింది. ఎవరైనా అంది విజయ. సుక్కి ముఖంలో సంతోషం తగ్గింది.

"ఊరు పేరుతోటి సహా రాసి పెడితె, పువ్వు రాలే కాలంల వాళ్లొచ్చి ఏరుకపోరా?" అంది.

అంత దూరం నుంచి ఎవరూ రారని విజయ ఎంత చెప్పినా వినలేదు. ఆ మరుసటి ఎండాకాలం అందరికంటే ముందే మూట కట్టుకుని కొత్తగూడ బస్సెక్కింది.